రెండు తాళాల గది

పోయిన నెల నరసరావుపేటలో నాకు శాలువా కప్పారు. ఎనభై దాటిన మనిషికి శాలువా కప్పడం వింతేమీ కాదు. మన తరంలో మిగిలిన నలుగురైదుగురి బీరువాల్లోనూ ఇవి అరడజను చొప్పున పడి ఉంటాయి, చలికాలం కప్పుకుందామన్నా ఆ జరీ మెడకు గీరుకుంటుంది. అయితే ఈసారి శాలువాతోపాటు అద్దం కట్టిన సన్మానపత్రం కూడా ఒకటి చేతిలో పెట్టారు. ఆ రోజుల్లో క్రైస్తవ విద్యార్థుల కూటంలో పనిచేసినవాళ్ళలో ఈ చుట్టుపక్కల బతికున్నది నేనొక్కణ్ణేనట, అందుకని వెతికి పట్టుకున్నారు. కాలేజీ అమ్మాయి ఒకతె చక్కని గొంతుతో ఆ పత్రం చదివింది. పిడికిట్లో తాళంచెవి బిగించి పట్టుకుని, హింసకు తలుపు తెరవకుండా నిలబడిన శాంతిదూత అని అందులో నన్ను గురించి రాశారు. జనం చప్పట్లు కొట్టారు. పది నిమిషాలు మాట్లాడమంటే మా శిబిరాల్లో తిన్న జొన్నసంకటి గురించీ, శ్రుతి లేకుండా పాడిన పాటల గురించీ చెప్పి అందర్నీ నవ్వించి దిగొచ్చాను. ఇంటికొచ్చాక ఆ పత్రాన్ని గోడవైపు తిప్పి పెట్టాను. మా కోడలు ఎందుకని అడిగితే ఎండకు రంగు పోతుందన్నాను. అది అబద్ధం. మీరు ఆ కాలం చూసినవాళ్ళు గనక మీకు మాత్రం నిజం చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవి అది. నేను గుంటూరులో బి.ఏ. చదువుతున్నాను. మా ఊరు నకరికల్లు నుంచి రెండు కోసుల నడక. ఊరి పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ ఎవరో ఒకరి మనవలు కర్ర పట్టుకుంటారేమోనన్న భయం నాకీ వయసులో కూడా పోలేదు. ఊరికి తూర్పున మాలలం మేము, మధ్యలో వాగు, వాగుకు అవతల మాదిగలు. రెండు పల్లెలూ క్రీస్తును నమ్ముకున్నవే, అయితే దొరలు వేరు, మిషన్లు వేరు, గుళ్ళు వేరు. మాది నెత్తిన నీళ్ళు చిలకరించి బాప్తిస్మమిచ్చే గుడి, వాళ్ళది వాగులో నిలువునా ముంచి ఇచ్చే గుడి. మమ్మల్ని వాళ్ళు చిలకరింపోళ్ళు అనేవాళ్ళు, వాళ్ళను మేము ముంపోళ్ళు అనేవాళ్ళం, దానికి ముందూ వెనకా చేర్చే మాటలు ఇక్కడ రాయడానికి పనికిరావు. నా చిన్నతనంలో ఒక క్రిస్మస్ నాడు రెండు ఊరేగింపులు వాగు దగ్గర ఎదురుపడి, ఎవరు ముందు దాటాలన్న దానిమీద మూడు తలకాయలు పగిలాయి, ఒకాయన చెవి సగానికి తెగింది. పాట మాత్రం రెండు పక్కలా ఒకటే, లోకరక్షకుడు పుట్టాడని. ఆ చెవి తెగినాయన ఆ తరువాత నలభై ఏళ్ళు బతికాడు, ప్రతి క్రిస్మస్‌కీ ఆ పాటే పాడాడు.

నన్ను పెంచింది మా మేనమామ. మా నాన్న కలరా గత్తరలో పోయాక అమ్మనూ నన్నూ తన గుడిసెకే తెచ్చుకున్నాడు. ఊళ్ళో పెద్ద ఆసామి దగ్గర పాలేరుతనం చేసేవాడు, ఆ జీతగింజలతోనే నన్ను బోర్డింగులో వేశాడు, సెలవులయ్యి తిరిగి వెళ్ళేటప్పుడల్లా భుజాన ఎక్కించుకుని నకరికల్లు దాకా దిగబెట్టేవాడు. పల్నాటి సీమలో కర్ర లేని మగవాణ్ణి మనిషిగా లెక్కేసేవాళ్ళు కారు గదా, మా మామది వాళ్ళందరికీ తెలిసిన కర్ర. ఆరడుగుల వెదురు, రెండు కొసలా ఇనుప పొన్నులు, నూనె పట్టించి పట్టించి నల్లగా నిగనిగలాడేది. దాన్ని తిప్పుతుంటే గాలి కోసిన చప్పుడు వినబడేది తప్ప కర్ర కనబడేది కాదు. ఆయన కర్ర పట్టుకుని వాగు గట్టున నిలబడ్డాడంటే అవతలి పల్లెవాళ్ళే కాదు, ఆసామి మనుషులు కూడా మా వీధిలోకి వచ్చేముందు ఒకసారి ఆలోచించుకునేవాళ్ళు.

ఆసామి పెత్తనమంతా నీళ్ళ మీద ఉండేది. మార్చి దాటితే వాగు ఎండిపోయేది. రెండు పల్లెలకూ గుక్కెడు నీళ్ళు కావాలంటే ఆసామి మెట్టపొలంలో ఉన్న బావే గతి. ఆడవాళ్ళు కుండలు పట్టుకుని గట్టు కింద నిలబడాలి, ఆయన మనుషులకు బుద్ధి పుట్టినప్పుడు చేదతో పైనుంచి పోస్తారు. ఆ నీళ్ళకు బదులుగా ఇంటికొకరు వెట్టికి పోవాలి. ఒక ఏడు మా వీధిలో నిండు చూలాలు ఒకామె ఎండకు తాళలేక తన చేత్తోనే కుండ ముంచుకుందని చర్నాకోలతో వీపంతా చీరేశారు. ఆమెను మంచం మీద మోసుకొస్తుంటే నేను చూశాను, రవిక గుడ్డ వీపుకు అంటుకుపోయి ఊడి రాలేదు. బిడ్డ దక్కలేదు. ఆమె భర్త ఆ మరునాడే ఆసామి పొలానికి వెట్టికి పోయాడు.

ఇలాంటివి చూసి పెరిగినవాణ్ణి గనకనే గుంటూరులో కూటం నాకు దొరికినప్పుడు దాహం తీరినట్లయింది. ఇంగ్లీషు చెప్పే లెక్చరరు ఒకాయన దాన్ని నడిపేవారు. సంఘాల మధ్య గోడలు తీసెయ్యాలి, పేదవాడికి న్యాయం జరగాలి, శాంతితోనే జరగాలి, చెయ్యెత్తకూడదు అని ఆయన చెబుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచేది. అక్కడే వాగవతలి పల్లె ఉపదేశిగారి అబ్బాయి కలిశాడు. వాగుకు ఈ గట్టునా ఆ గట్టునా పుట్టి పద్దెనిమిదేళ్ళు ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు, గుంటూరు వెళ్ళి స్నేహితులమయ్యాం. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. రెండు కులాల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఊహకు కూడా అందని రోజుల్లో ఆ పిలుపు విని మా అమ్మ చెవులు మూసుకుంది. అది చూసి మేము ఇంకా గట్టిగా పిలుచుకునేవాళ్ళం. వయసు పొగరు, ఏం చెప్పమంటారు.

ఆ వేసవి సెలవుల్లో మా ఊళ్ళోనే శిబిరం పెట్టాలని బావా నేనూ పట్టుబట్టాం. వాగు పక్కన రెండు పల్లెలకూ నడుమ పోరంబోకు జాగా ఉంది, అందులో రెండు పల్లెలవాళ్ళూ కలిసి తాగే బావి తవ్వాలి, నీళ్ళు పడ్డాక వచ్చే మొదటి ఆదివారం అక్కడే రెండు గుళ్ళవాళ్ళూ ప్రభువు సంస్కారంలో ఒకే రొట్టె, ఒకే పాత్ర పుచ్చుకోవాలి. లెక్చరరు గారు పొంగిపోయారు. పదహారు మంది విద్యార్థులం నరసరావుపేట దాకా రైల్లో, అక్కణ్ణించి బొగ్గు బస్సులో దిగాం. పెట్రోలు కరువులో బస్సు వెనకాల బొగ్గు కుంపటి కట్టి నడిపేవాళ్ళు, జ్ఞాపకముందా, దిగేసరికి అందరం ఒకటే రంగు. ఆ రాతినేలలో ఇరవై రెండు రోజులు తవ్వాం. రాయి అడ్డొచ్చినప్పుడల్లా మా మామ సమ్మెట పట్టుకుని దిగేవాడు, అవతలి పల్లె మనుషులు పైనుంచి తట్టలు లాగేవాళ్ళు. మొదటి వారం ఎవరి కుండ వాళ్ళది, రెండో వారానికి బావ తల్లి తెచ్చే మజ్జిగ మా మామ కూడా తాగాడు. తాగి, చానా పుల్లగా ఉందని వంక పెట్టాడు. ఆమె మరునాడు ఇంకా పుల్లగా తెచ్చింది.

ఇక అసలు సంగతి. కోత పండుగకు మన గుళ్ళలో కానుకలు పెట్టే పద్ధతి మీకు తెలిసిందే. కోడిపెట్ట, గుమ్మడికాయ, గింజల మూట ఏది తెచ్చినా బల్ల ముందర పెట్టాక అది దేవుడిది, ఇచ్చినవాడు దాన్ని మళ్ళీ చేత్తో ముట్టకూడదు. ఆరాధన అయ్యాక వేలం వేస్తారు, కావాలంటే తన కోడిని తానే పాడుకోవాలి తప్ప ఊరికే తీసుకుపోకూడదు. ఈ ఆచారం విషయంలో రెండు గుళ్ళకూ భేదం లేదు. దాన్ని చూసే నాకు ఆ ఆలోచన పుట్టింది. ఎవరో చెబితే చేశానని చెప్పుకోవడానికి లేదు, పూర్తిగా నాదే. రెండు పల్లెల మగవాళ్ళూ తమ కర్రలనూ బరిసెలనూ కానుకగా తెచ్చి బల్ల ముందర పెట్టాలి, ఇక మీదట ఒకరి మీద ఒకరు ఎత్తబోమని ఒట్టు పెట్టుకోవాలి. లెక్చరరు గారు నన్ను కావలించుకున్నారు. శిబిరానికి నన్నూ బావనూ జంట కార్యదర్శులుగా వేశారు.

తవ్వకం మొదలైన మూడో వారం ఆదివారం రెండు పల్లెలవాళ్ళూ మా గుళ్ళో చేరారు, ముందుగా ఎవరూ కదల్లేదు. గుడి నిండా మగవాళ్ళు కర్రలు కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. అప్పుడు మా మామ లేచాడు. నా ముఖం చూసి, పొన్నుకర్ర తెచ్చి బల్ల ముందర పడుకోబెట్టాడు. పెట్టి ఒక్క మాటే అన్నాడు.

"మావి సరేరా అల్లుడా. ఆసామి కర్రలు ఎప్పుడు తెప్పిస్తావు?"

మార్పు మన దగ్గర మొదలవ్వాలి మామా అని నేను లెక్చరరు గారి మాటే అప్పజెప్పాను. ఆయన తలూపి వెళ్ళి కూర్చున్నాడు. మామే పెట్టాక ఇంకెవరికి అభ్యంతరం, ఒకరి వెనక ఒకరు వచ్చారు. అరవై మూడు కర్రలు, తొమ్మిది బరిసెలు. నేను కొత్త నోటుబుక్కులో ఎవరు ఏది ఇచ్చారో ఇంటిపేర్లతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాను.

వాటిని ఎక్కడ పెట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. మీ గుళ్ళో పెడితే మీరు తీసుకుంటారని వాళ్ళు, మీ గుళ్ళో పెడితే మీరు తీసుకుంటారని మేము. చివరకు వాగు గట్టున బడి ఆవరణలో విడిగా చిన్న నాపరాళ్ళ గది ఉంటే అందులో వేశాం. అప్పటికీ తృప్తిపడక ఒక తాళం మాది, ఒక తాళం మీది అన్నారు పెద్దలు. తుమ్మచెక్క తలుపుకు రెండు గొళ్ళాలు కొట్టించి రెండు తాళాలు వేశాం. మా తాళంచెవి నా దగ్గర, వాళ్ళది బావ దగ్గర. ఐక్యత అంటే రెండు తాళాలన్నమాట బావా అని వాడు నవ్వాడు. రెండు పల్లెల్లో ఇక పుల్ల లేదని ఆ వారమంతా నేను కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాను. నకరికల్లులో బస్సు ఆగేచోట టీ కొట్టు దగ్గర చెప్పాను, ఆసామి గుమాస్తా అక్కడే కూర్చుని వింటున్నాడు. అతడు విని మెచ్చుకున్నాడు కూడా.

శుక్రవారం నీళ్ళు పడ్డాయి. ముప్పై ఆరు అడుగుల లోతున బురదనీళ్ళు ఊరి మోకాలి దాకా వచ్చాయి, మా మామ లోపల నిలబడి గడ్డపార పైకెత్తి కేక పెట్టాడు, పైన ఆడవాళ్ళు ఏడ్చారు. ఆదివారం రొట్టె, పాత్ర. గుంటూరు నుంచి పెద్ద పాస్టరు అయ్యగార్లను వెంటబెట్టుకొస్తానని లెక్చరరు గారు శనివారమే వెళ్ళారు. మా అయ్యగారు రొట్టె విరవాలి, అవతలి అయ్యగారు పాత్ర అందించాలి అని మూడు రోజుల రచ్చ తరువాత కుదిరింది. ఆదివారం పొద్దున బావి పక్కన కొబ్బరాకుల పందిరి కింద రెండు పల్లెలూ ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నాయి. చాప ఒక్కటే. మొదటి పాట రెండో చరణంలో ఉన్నాం.

ఆసామి మనుషులు మూడు వైపులనుంచీ వచ్చారు. నలభై మంది ఉంటారు, ఇనుపకట్ల కర్రలు, గొడ్డళ్ళు, కొడవళ్ళు. అరుపులూ తిట్లూ ఏమీ లేవు, వస్తూనే పందిరి గుంజలు నరికారు. పందిరి జనం మీద కూలింది, కింద పడి కొట్టుకుంటున్నవాళ్ళను ఆకుల మీదనుంచే బాదారు. రొట్టె మట్టిలో పడింది. మా అయ్యగారి ముఖం మీద కర్రతో అడ్డంగా కొట్టారు, పళ్ళు చొక్కా మీద రాలాయి. ఒక ముసలమ్మ లేవలేక చాప మీదే కూర్చుని ఉంటే ఆమె తల పట్టుకుని నేలకేసి కొట్టారు. మా విద్యార్థులు చేతులెత్తకూడదన్న ఒట్టుకు కట్టుబడి చేతులు కట్టుకుని నిలబడ్డారు పాపం, వాళ్ళను ఒక్కొక్కణ్ణీ మోకాళ్ళ మీద కొట్టి కూలేశారు. కొందరు వాగులో పడి పరిగెత్తారు. పిల్లల్నీ ఆడవాళ్ళనూ మగవాళ్ళు బడిలోకి తోశారు. తోసి, అందరూ ఆ నాపరాళ్ళ గది దగ్గరకు వచ్చారు.

నేను వాళ్ళకంటే ముందే పరిగెత్తుకొచ్చి అక్కడ ఉన్నాను, తలుపుకు వీపు ఆనించి. బావ పరిగెత్తుకొచ్చి తన తాళం తీసి విసిరేశాడు. "నీది తియ్యి బావా" అన్నాడు. నేను కదల్లేదు. జేబులోంచి తాళంచెవి తీసి పిడికిట్లో బిగించుకున్నాను. దేవుడి ముందర పెట్టాం బావా, ఇప్పుడు తీస్తే ఇంత కాలం మనం చెప్పినదంతా బూటకమైపోతుంది, శత్రువు మీద కూడా చెయ్యెత్తకూడదు గదా అని ప్రసంగం చేశాను. నాలుగడుగుల అవతల మనుషుల ఎముకలు విరుగుతుంటే నిలబడి ప్రసంగం చేశాను. బావ నా ముఖంలోకి చూసి వెళ్ళి ఒక రాయి తెచ్చుకున్నాడు.

అప్పుడు మామ వచ్చాడు. నుదురు చీలి రక్తం కంట్లోకి కారుతోంది. చెయ్యి చాపాడు.

"తాళం తియ్యరా. పిల్లలున్నారు బడిలో."

నేను తల అడ్డంగా ఊపాను.

"పెట్టినోణ్ణి నేనేగా. పెట్టినోడు తిరిగి ముట్టుకోగూడదు, అదిగూడా నిజమే. నువ్వు తీసి ఇయ్యాల. కాదంటే వేలం పెట్టు, నా పానం ఇచ్చి పాడుకుంటా."

మా మామ ఒక చేత్తో నా పిడికిలి విప్పగలడు. అంతకు రెండు రోజుల ముందే సమ్మెటతో బండను రెండు చేసినవాడు. నేను మళ్ళీ తల ఊపాను. మావాళ్ళు ఇద్దరు ముగ్గురు నా మీదికి రాబోతే ఆయనే అడ్డం తిరిగాడు. "వాణ్ణి ముట్టుకోబాకండి, వాడి ఒట్టు వాడిది" అని, ఉత్త చేతులతో బడివైపు వెళ్ళిపోయాడు.

బావ నా పక్కన రాయితో నా తాళం మీద కొడుతున్నాడు. నాలుగో దెబ్బో ఐదో దెబ్బో, వెనకనుంచి ఎవడో గొడ్డలి తిరగేసి వాడి తల వెనక కొట్టాడు. వాడు నా పాదాల మీద పడ్డాడు. చెవిలోంచి, ముక్కులోంచి రక్తం వచ్చి నా చెప్పుల్లోకి చేరింది, వెచ్చగా ఉంది. ఇంకొకడు నా మీద కర్ర ఎత్తాడు. ఆ గొడ్డలివాడు వాణ్ణి ఆపాడు.

"ఈయన్ని కొట్టబాక. మనకి సాయం చేసినోడు."

నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆ రోజు రెండు పల్లెల్లో ఒక్క దెబ్బ కూడా తగలని మగవాణ్ణి నేనొక్కణ్ణే.

బడి గుమ్మం దగ్గర జరిగినది నేను అక్కణ్ణించే చూశాను. మా మామ గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాపి ద్వారబంధాలను అటూ ఇటూ పట్టుకున్నాడు. లోపల నలభై మంది ఆడవాళ్ళూ పిల్లలూ. ఆ చేతుల మీద కొట్టారు. ముందు మోచేతుల మీద, తరువాత మణికట్ల మీద, కట్టెలు కొట్టినట్లు లెక్కగా కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు బావి దాకా వినబడింది. ఆయన అరిచాడు, తిట్టాడు, గుమ్మం మాత్రం వదల్లేదు. చేతులు ఇక పట్టుకోలేకపోతే ద్వారబంధానికి భుజం ఆనించి నిలబడ్డాడు. దూరంగా నకరికల్లు బాటలో బొగ్గు బస్సు దుమ్ము లేచింది. పోలీసులనుకుని ఆసామి మనుషులు వెళ్ళిపోయారు, పోతూ బావిలోకి బండలు దొర్లించారు. ఆ బస్సులో లెక్చరరు గారూ పెద్ద అయ్యగార్లూ దిగారు. దోవలో బస్సు చెడి రెండు గంటలు ఆలస్యమైందని ఆయన అందరికీ చెబుతూ తిరిగారు, ఎవరూ వినలేదు.

బావ ఆ సాయంత్రం పోయాడు. వాణ్ణి ఏ పల్లె శ్మశానంలో పెట్టాలని ఎవరూ అడగలేదు. రెండు పల్లెలవాళ్ళూ భుజాలు మార్చుకుంటూ మోసి బావి పక్కనే పాతిపెట్టారు, పళ్ళు రాలిన మా అయ్యగారూ, తలకు కట్టు కట్టుకున్న వాళ్ళ అయ్యగారూ కలిసి మట్టి వేశారు. మేము రెండేళ్ళు పాటుపడి సాధించలేకపోయిన ఐక్యత ఆ గోతి దగ్గర దొరికింది. బావ తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరునాడు నిజంగానే పోలీసులు వచ్చారు. వచ్చి గది తాళం పగలగొట్టారు, అరవై మూడు కర్రలూ తొమ్మిది బరిసెలూ బయట పరిచారు. పల్లెలవాళ్ళు మారణాయుధాలు దాచిపెట్టి ఆసామి పొలం మీద పడడానికి సిద్ధమయ్యారని పంచనామా రాశారు. ముద్దాయిల పేర్లు వెతుక్కోవాల్సిన శ్రమ కూడా నేను వాళ్ళకు లేకుండా చేశాను, నోటుబుక్కు ఆ గదిలోనే కర్రల పక్కన ఉంది. ఇంటిపేర్లతో సహా. ముత్యాల్లాంటి అక్షరాలు అని ఇనస్పెక్టరు మెచ్చుకున్నాడట. కట్లు కట్టుకున్నవాళ్ళను ఒకరికొకరు ఆసరాగా నడిపించుకుంటూ తీసుకుపోయారు. నా పేరు ఆ జాబితాలో లేదు, నేను కర్ర ఇవ్వలేదు గదా, నాకు కర్ర ఎప్పుడూ లేదు.

కోర్టులో మా మామ బోనెక్కిన రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. రెండు చేతులూ బద్దలు కట్టి మెడకు వేలాడదీసి ఉన్నాయి. పొన్నుకర్ర చూపించి ఇది నీదేనా అని మేజిస్ట్రేటు అడిగాడు.

"నాది కాదు దొరా. దేవుడికి ఇచ్చేశా."

కోర్టంతా నవ్వింది. మామ నవ్వలేదు. ఆ కేసు వాయిదాల మీద వాయిదాలు పడి, స్వాతంత్ర్యం వచ్చాక ఎప్పుడో కొట్టేశారు. బావను చంపినవాడి మీద అసలు కేసే లేదు.

ఎందుకు తియ్యలేదని నన్ను నేను అడగని రోజు లేదు. ఆసామి దగ్గర తుపాకి ఉంది, కర్రలు బయటికి వచ్చి ఉంటే తుపాకి పేలేది, ఇరవై శవాలు లేచేవి అని లెక్చరరు గారు నాకు నచ్చజెప్పారు, అదే ఇంగ్లీషులో వ్యాసంగా రాసి అచ్చువేశారు. పిడికిట్లో తాళంచెవి పట్టుకున్న పల్లె యువకుడి సంగతి మద్రాసు దాకా చదివారు. నేను కాదనలేదు. ఆ వ్యాసం మీదే నాకు మిషను హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది, దాని మీదే హెడ్మాస్టరునయ్యాను, మొన్నటి సన్మానపత్రం కూడా దానికి నకలే. తుపాకి మాట నిజమే కావచ్చు, ఆ లెక్క ఇప్పుడెవరు తేల్చగలరు. కానీ తలుపుకు వీపు ఆనించి నిలబడినప్పుడు నాకు తుపాకి జ్ఞాపకం రాలేదు. భయం కూడా కాదు, భయమైతే కొంత గౌరవంగా ఉండేది. నా నోటుబుక్కు జ్ఞాపకం వచ్చింది. రెండు పల్లెల్లో పుల్ల లేదని ఊరంతా చెప్పుకున్న మాట పోతుందనుకున్నాను. నా శాంతి చెడిపోకూడదనుకున్నాను, దాన్ని ఎవరి చేతులతో కాపాడుకుంటున్నానో చూడలేదు. ఆసామి దగ్గరకు వెళ్ళి నీ కర్రలు పెట్టు అని అడిగే దమ్ము మాకు లేదు గనక, మా మాట వినేవాళ్ళనే అడిగాం, వాళ్ళు విన్నారు.

మా మామ ఆ తరువాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. చేతులు అతుక్కున్నాయి గానీ వంకరగా అతుక్కున్నాయి, వేళ్ళు ముడుచుకోలేదు. ముద్ద ఎత్తలేడు, మొలతాడు బిగించుకోలేడు. ముందు అమ్మ, తరువాత నా భార్య, సెలవు రోజుల్లో నేనూ తినిపించేవాళ్ళం. ఉప్పు తక్కువైందనీ, మీ బోర్డింగు కూడు ఇంతకంటే నయమనీ నన్ను ఏడిపించేవాడు. దాడి జరిగిన ఏడాది వానాకాలమే రెండు పల్లెలూ బావిలోంచి బండలు తీశాయి, నీళ్ళు నిలిచాయి, ఆసామి గట్టు కింద ఆడవాళ్ళు నిలబడడం ఆగిపోయింది. వెట్టి కూడా దాంతోనే పోయింది. రొట్టె పుచ్చుకునే ఆదివారాల్లో అందరూ చెయ్యి చాపితే మామ మాత్రం నోరు తెరిచేవాడు. నేను ఆయన వెనక వరసలో కూర్చుని చూసేవాణ్ణి.

తాళం సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. చివరి జబ్బులో, ఒక మధ్యాహ్నం గంజి పడుతుంటే మాత్రం అడిగాడు, ఆ తాళంచెవి ఇంకా నా దగ్గరుందా అని. ఉంది. పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉంది. తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాను. ఆ వేళ్ళు ముడుచుకోవు గదా, అది అలాగే అరచేతిలో పడి ఉంది.

"ఇప్పుడిచ్చావంట్రా అల్లుడా" అన్నాడు. అని నవ్వాడు. నిష్ఠూరం లేదు ఆ నవ్వులో, నా చిన్నప్పుడు నకరికల్లు బాటలో భుజం మీద కూర్చుని నేను ఏదైనా తెలివితక్కువ మాట అన్నప్పుడు నవ్విన నవ్వే అది. నేను గంజి గిన్నె పక్కన పెట్టి ఏడ్చాను. చల్లారుతోందిరా పట్టు అన్నాడు.

రిటైరయ్యాక నేను తిరిగొచ్చి ఉంటున్న ఆ ఊరికి ఇప్పుడు తారురోడ్డు వచ్చింది. వాగు మీద వంతెన ఉంది, క్రిస్మస్ ఊరేగింపు రెండు పల్లెలకూ ఒకటే, ముందు ఎవరు దాటాలన్న తగాదా లేదు. రొట్టె, పాత్ర కలిసే పుచ్చుకుంటున్నారు, చిలకరింపు ముంపు అని పిల్లలకు చెబితే నవ్వుతారు. ఇంటింటికీ కొళాయి వచ్చాక బావిలో నీళ్ళు తోడేవాళ్ళు లేరు, పక్కన బావ సమాధికి ఏటా సున్నం వేస్తున్నారు, మంచిదే. శాంతి మీద సభలు పెడుతున్నారు, ఐక్యత మీద బ్యానర్లు కడుతున్నారు, అమ్మాయిలు కూడా ధైర్యంగా మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నారు. నాకు సంతోషంగానే ఉంది. నా దగ్గరకు వచ్చి శాంతి గురించి చెప్పండి తాతగారూ అంటారు. నువ్వు తాళం తియ్యవలసింది తాతా అని ఒక్కరైనా అనరా అని ఎదురుచూస్తాను, ఎవరూ అనరు. పెద్దవాణ్ణని మర్యాద.

ఆ నాపరాళ్ళ గది ఇంకా ఉంది. మైకు డబ్బాలూ కుర్చీలూ పడేస్తున్నారు. తలుపు ఎప్పుడో చెదపట్టి పోయింది, గొళ్ళాలు కొట్టిన తూట్లు మాత్రం గోడకు రెండున్నాయి. ఆదివారం ఆరాధనకు పోతూ దాని ముందునుంచి నడుస్తాను. అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. తెరవడానికి తలుపు లేదని తెలిసినా, తాళంచెవి బయటికి తీసి పట్టుకుని కాసేపు నిలబడతాను.